మెడలో పిట్ట, వెనకింట్లో కూత

మొగిలి బాత్రూములో పడ్డాడా, పడుకున్నాడా అన్న సంగతి ఆ ఇంట్లో ఎప్పటికీ తేలలేదు.

అది మే నెల మధ్యాహ్నం. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మే నెలంటే గోడను ముట్టుకున్నా చెయ్యి చుర్రుమంటుంది. బాబుపేట్‌లో వాళ్ల ఇంటి ముందుగది కిటికీకి బిగించిన కూలరు పిండిమరలా మోగుతోంది. దాని ముందు కూర్చుని మల్లవ్వ, కొత్తగా పెట్టించుకున్న కేబుల్లో హిందీ సీరియల్ చూస్తోంది. ఆమెకు హిందీ సగమే అర్థమవుతుంది. కూలరు మోతలో ఆ సగమూ వినపడదు. అయినా ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో ఆమెకు తెలిసిపోయేది. కొడుకు విజయ్‌కుమార్ బొగ్గుగని టైమాఫీసులో గుమాస్తా. కోడలు సుభాషిణి ఒక సహకార బ్యాంకులో క్లర్కు. ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి గాని రారు.

సీరియల్ అయిపోయింది. దాని వెనక వచ్చిన ఇంకో సీరియలూ అయిపోయింది. అప్పుడు మల్లవ్వ కాళ్లు కడుక్కుందామని లేచి బాత్రూము తలుపు తోసింది. భర్త నేల మీద వెల్లకిలా ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. చెంబు ఒక మూల, సబ్బుపెట్టె ఇంకో మూల, ఒక చెప్పు బకెట్లో.

పడ్డావా అని అడిగింది.

"పడలే. చల్లగుందని పండుకున్న" అన్నాడు మొగిలి.

మరి చెప్పు బకెట్లో ఎందుకుందని అడిగితే, అది కూడా చల్లబడుతుందని వేశానన్నాడు.

అతను అలా అనడానికి కారణముంది. పడుచు వయసులో కరీంనగర్ జిల్లా నుంచి ఇక్కడి గనుల్లోకి వచ్చి, రిటైరయ్యేదాకా టింబర్‌మన్‌గా పనిచేశాడు. భూమి కింద కప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టే పని. తాను నిలబెట్టిన దిమ్మె ఒక్కటీ ఒరగలేదని అతని గొప్ప. అలాంటి మనిషి తానే ఒరిగానని పెళ్లాం ముందు ఒప్పుకోవడం జరిగే పని కాదు. ఒప్పుకోకపోవడంతో ఆగలేదు. మర్నాడు అన్నం తినగానే తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూములోకి పోయి, తలుపు బార్లా తెరిచిపెట్టి, అందరికీ కనిపించేలా నేల మీద పడుకున్నాడు. ఆ మర్నాడూ పడుకున్నాడు. ఇది తన పాత అలవాటేననీ, ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదనీ చెప్పాడు. ఆదివారం కొడుకూ కోడలూ ఇంట్లో ఉన్నారు గనుక మరీ ఎక్కువసేపు పడుకున్నాడు. ఆ రోజు వాళ్లిద్దరికీ స్నానాలు లేవు.

దీంతో విజయ్‌కుమార్‌కు దిగులు పట్టుకుంది. మామూలు ఇళ్లలో మనిషి నేల మీద కనిపిస్తే పడ్డాడని తెలుస్తుంది. రోజూ పడుకునే మనిషి ఒకనాడు నిజంగానే పడితే ఎలా తెలియాలి? ఆపద వచ్చినప్పుడు నొక్కితే మోగేదేదైనా ఇంట్లో ఉండాలని అతను నిశ్చయించాడు. సుభాషిణి సరేనంది. ముసలివాళ్లిద్దరూ కూడా అడ్డం చెప్పలేదు. ఎందుకంటే అది రెండోవాళ్ల కోసమని ఎవరికి వాళ్లు అనుకున్నారు. మీ అమ్మ మోకాళ్లు పనికిరాకుండా పోయాయని మొగిలి కొడుకుతో చాటుగా చెప్పాడు. మీ మామకు కళ్లు తిరుగుతున్నాయని మల్లవ్వ వంటింట్లో కోడలితో చెప్పింది.

మొదట విజయ్‌కుమార్ ఆటసామాన్ల దుకాణం నుంచి రెండు ఈలలు తెచ్చాడు. మల్లవ్వకు ముందుపళ్లు లేవు. ఆమె ఊదితే గాలి వచ్చింది, తుంపర వచ్చింది, ఈల మాత్రం రాలేదు. మొగిలి ఊదితే వీధి మలుపులో ఒక ఆటో, పోలీసేమోనని ఆగిపోయింది. ఏ వస్తువునైనా పరీక్షించి గాని తీసుకోకూడదన్నది విజయ్‌కుమార్ పద్ధతి. పరీక్షించాలంటే ఎవరో ఒకరు పడాలి. తండ్రిని అడిగితే పడనన్నాడు, కావాలంటే పడుకుంటానన్నాడు. చివరికి విజయ్‌కుమారే బాత్రూములో నేల మీద పడి ఈల ఊదాడు. ఎవరూ రాలేదు. ముఖం ఎర్రబడేదాకా ఊది, తడిసిన చొక్కాతో ముందుగదిలోకి వచ్చి చూస్తే, తల్లీ తండ్రీ ఉప్పూకారం అద్దుకుని మామిడికాయ ముక్కలు తింటున్నారు. వినపడలేదా అని అడిగాడు.

"ఇనబడ్డది. నువ్వు మంచిగనే ఉన్నవని తెలుసు గద, ఎందుకు లేవాలె?" అంది మల్లవ్వ.

ఆ తర్వాత పాతసామాన్ల దుకాణంలో సర్కారు ఎస్టీ బస్సు గంట ఒకటి దొరికింది. బస్సులో కండక్టరు తాడు లాగితే డ్రైవరు పక్కన మోగేది అదే. బాత్రూము నుంచి పెరడు మీదుగా వసారాదాకా తాడు కట్టాడు. వెంటనే తండ్రీకొడుకులకు వాదన వచ్చింది. బస్సులో ఒక గంట కొడితే ఆపమని, రెండు కొడితే పొమ్మని. మరి పడినవాడు ఎన్ని కొట్టాలి? పడినవాడు ఆగిపోయే ఉన్నాడు గనుక ఒకటి కొట్టడం దండగని మొగిలి అన్నాడు. రెండు కొడితే ఎక్కడికి పొమ్మన్నట్టని విజయ్‌కుమార్ అడిగాడు. వాళ్లు ఈ సంగతి తేల్చుకునేలోపు, పెరట్లో ఇంత మంచి తాడు ఊరికే ఉందని మల్లవ్వ తడిబట్టలు ఆరేసింది. గాలి వీస్తే గంట, కాకి వాలితే గంట, సుభాషిణి చీర వేస్తే డబల్ బెల్. వారం తిరక్కుండా గంట ఊడదీశారు. తాడు మాత్రం ఉంచారు.

కరెంటు గంట కూడా ఒకటి వచ్చింది గాని అది అట్టపెట్టెలోంచి బయట పడలేదు. ఊరి పక్కనే అంత పెద్ద పవర్ స్టేషన్ ఉన్నా బాబుపేట్‌లో మధ్యాహ్నాలు కరెంటు పోయేది. పడేవాళ్లు కరెంటు ఉన్న వేళ చూసుకుని పడాల్సి వస్తుందని సుభాషిణి అనడంతో విజయ్‌కుమార్ దాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చేశాడు.

ప్రమోద్ వచ్చింది అప్పుడే. అతను నాగపూర్ ఏజెంటు. విదేశీ సరుకు కొత్తగా దేశంలోకి రావడం మొదలైన రోజులవి. వారానికొకరు టై కట్టుకుని, చెమటలు కక్కుతూ బాబుపేట్ గల్లీల్లో తిరిగేవారు. ఒకరు నీళ్లు శుభ్రం చేసే మిషను తెస్తే ఒకరు దుమ్ము పీల్చే మిషను తెచ్చేవారు. ప్రమోద్ పడినవాళ్ల మిషను తెచ్చాడు. బట్టతల, మెత్తని మాట, కొత్త బ్యాగు. తైవాన్‌లో తయారైన ఒక తెల్లపెట్టెనూ, నల్లదారాలకు కట్టిన రెండు గుండీలనూ బల్ల మీద పెట్టాడు. దారం మెడలో వేసుకోవాలి. ఆపద వస్తే గుండీ నొక్కాలి. పెట్టె మోగుతుంది. వైరు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ మీద నడుస్తుంది. అమెరికాలో ఇది మెడలో లేకుండా ముసలివాళ్లు గడప దాటరని అతను హిందీలో చెప్పాడు.

దానితో పాటు ఒక రంగుల కాగితం కూడా ఇచ్చాడు. అందులో ఒక తెల్లజుట్టు దొరసాని తివాచీ మీద పడి ఉంది. చేత్తో గుండీ నొక్కుతూ నవ్వుతోంది. మల్లవ్వ ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"పడ్డ మనిషిని లేపకుంట ఈ ఫోటో ఎవలు తీసిన్రు?" అని అడిగింది.

సుభాషిణి దాన్ని హిందీలో చెప్పింది. ప్రమోద్ కాసేపు ఆలోచించి, కంపెనీని అడిగి చెబుతానన్నాడు. పడినామె నవ్వడమేమిటని మల్లవ్వ మళ్లీ అడిగింది. మొగిలి కాగితం అందుకుని చూసి, ఆమె పడలేదనీ, పడుకుందనీ చెప్పాడు. ఆ దొరసాని మీద అతనికి గౌరవం కలిగింది.

ప్రమోద్ గుండీ నొక్కగానే పెట్టెలోంచి పిట్ట కూసింది. కీచుకీచుమని, గొంతు మార్చి, మళ్లీ కీచుమని. మల్లవ్వ చేతిలోకి తీసుకుని తానూ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఇంత ఎండలో పిట్ట కూత విని ఎన్నాళ్లయిందో అంది. నిజానికి ఎంపిక అక్కడే అయిపోయింది. ఎంత దూరం పనిచేస్తుందని విజయ్‌కుమార్ అడిగితే, గోడలు దాటి పోతుందని ప్రమోద్ గొప్పగా చెప్పాడు. ఆ మాట ఒక్కటీ నూటికి నూరుపాళ్లు నిజమని తర్వాత తెలిసింది.

మల్లవ్వ తన గుండీని పుస్తెలతాడుకు కట్టుకుంది. మొగిలి మెడలో వేసుకోనన్నాడు. అది గొడ్డుకు గంట కట్టినట్టుంటుందన్నాడు. బనియను జేబులో పెట్టుకున్నాడు. పక్క మీద బోర్లా తిరిగినప్పుడల్లా పిట్ట కూసేది. మల్లవ్వకు తన గుండీతో కొద్దిరోజుల్లోనే మంచి చనువు ఏర్పడింది. అన్నానికి పిలవాలంటే నొక్కేది, టీకి నొక్కేది, సీరియల్లో విలన్ వచ్చినప్పుడు నొక్కేది. కూలరు మోతకు మించి అరవాల్సిన పని తప్పిందని ఆమె సంతోషం. ఆపద వస్తేనే నొక్కాలని కొడుకు చెప్పి చూశాడు. అన్నం చల్లారిపోవడం ఆపద కాదా అని ఆమె అడిగింది.

కొన్ని రోజులకు ఒక వింత బయటపడింది. అంతదాకా పిట్ట ఊరికే కూసినా, రెండోవాళ్లు నొక్కారని ఎవరికి వాళ్లు అనుకునేవారు. పొద్దున్నే ముసలివాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతుంటే పిట్ట కూసింది. మల్లవ్వ చేతులు రెండూ గ్లాసు చుట్టూ ఉన్నాయి. మొగిలి గుండీ కిటికీలో ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మర్నాడూ అదే వేళకు కూసింది. ఒక్కోసారి మధ్యాహ్నం, ఒక్కోసారి సాయంత్రం కూడా, ఎవరూ నొక్కకుండానే. విజయ్‌కుమార్ ఎస్టీడీ బూత్‌కు పోయి నాగపూర్‌కు ఫోను చేశాడు. ప్రమోద్ కంగారు పడలేదు. ఇది చాలా సున్నితమైన మిషను, మనిషి పడబోతున్నాడని ముందే పసిగట్టినా పసిగడుతుందని చెప్పాడు.

విజయ్‌కుమార్ ఈ మాటను ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. ఆ రోజు నుంచి పిట్ట కూస్తే చాలు, మల్లవ్వ మొగిలిని ఉన్నచోటే కూర్చోబెట్టేది. పడబోయేవాడు కూర్చుంటే పడడు కదా అని ఆమె లెక్క. పళ్లు తోముకుంటుంటే పెరటి మట్టిలో కూర్చోబెట్టింది. కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే నడివీధిలో కూర్చోబెట్టింది. మొగిలి మొదట తిట్టాడు. తర్వాత అతనికీ భయం పట్టుకుంది. పిట్ట కూయగానే తానే చటుక్కున కూలబడి, గోడ పట్టుకుని, గండం గడిచిందా అని పెళ్లాం వైపు చూసేవాడు. ఆ వారాల్లో అతను నిజంగానే ఒక్కసారి కూడా పడలేదు. మిషను పనిచేస్తోందనడానికి అంతకన్నా రుజువేం కావాలని విజయ్‌కుమార్ ఆఫీసులో అందరికీ చెప్పాడు.

వాళ్ల పెరటి గోడ అవతల బాపురావు ఇల్లు. రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన మరాఠీ మనిషి. భార్య పోయింది, కూతురు పుణెలో ఉంది. పుట్టింది రాజురాలో గనుక, అది నిజాం రాజ్యంలో ఉన్న కాలం నాటి తెలుగూ ఉర్దూ రెండూ ఇంకా నోట్లో ఉన్నాయి. ఆ వేసవి మొదట్లో కూతురు వచ్చినప్పుడు, నాన్నకు చెవులు మందగించాయని వీధితలుపుకు వైరు లేని గంట ఒకటి పెట్టించి పోయింది. అదీ తైవాన్ సరుకే, అదే పిట్ట కూత.

ఆ గంట కొన్నాళ్లుగా బాపురావు ప్రాణం తీస్తోంది. మోగుతుంది, పోయి తలుపు తీస్తే ఎవరూ ఉండరు. మొదట వీధి పిల్లల పని అనుకున్నాడు. తలుపు వెనక కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కర్ర పట్టుకుని నిలబడి ఉండగానే, తలుపు సందులోంచి ఖాళీ గుమ్మం కనిపిస్తుండగానే, గంట మోగింది. పోయిన భార్య వస్తోందేమోనని అనుమానం వచ్చింది. బతికి ఉండగా కూడా ఆమె సరిగ్గా భోజనం వేళకే పిలిచేది. ఒకనాడు మధ్యాహ్నం అతను పెరట్లో ఉండగా ఇంట్లో గంట మోగింది. అదే క్షణాన గోడ అవతల కూడా పిట్ట కూసింది. బాపురావు మునివేళ్ల మీద లేచి గోడ మీదుగా చూశాడు. వంటింటి గుమ్మంలో మల్లవ్వ పుస్తెలతాడు పట్టుకుని నొక్కుతోంది. మొగిలి అన్నానికి వస్తున్నాడు.

అతను చుట్టూ తిరిగి వీధిలోంచి వచ్చేసరికి మొగిలి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బాపురావు మల్లవ్వను వహినీ అంటాడు. మరాఠీలో వదినె అని.

"వహినీ, నువ్వు నొక్కితే నా ఇంట్ల మోగుతది. నెల రోజుల సంది గాలికి తలుపు తీస్తున్న నేను" అన్నాడు.

మల్లవ్వ నమ్మలేదు. మొగిలి ఎంగిలిచేత్తోనే లేచి బాపురావు ఇంటికి పోయాడు. ఇక్కడ ఆమె నొక్కింది, అక్కడ మోగింది. అక్కడ తలుపు దగ్గర మొగిలి నొక్కాడు, ఇక్కడ పిట్ట కూసింది. పొద్దున్నే కూసిన పిట్ట బాపురావు పాలవాడని అప్పుడు తేలింది. పాలవాడి కోసం తాను ఇన్ని వారాలు మట్టిలో కూలబడ్డానని మొగిలికి అర్థమైంది.

సాయంత్రం సుభాషిణి ఈ సంగతి విని మిషను వెనక్కి పంపేద్దామంది. విజయ్‌కుమార్ మళ్లీ ఫోను చేశాడు. కోడ్ మార్చిన పెట్టె ఉందనీ, నాగపూర్‌కు సరుకు రాగానే తెచ్చిస్తాననీ ప్రమోద్ అన్నాడు. అప్పటిదాకా ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. బాపురావు ఒక్కడే స్థిమితంగా ఉన్నాడు. గంట కొట్టేది భార్య కాదని తెలిశాక అతనికి కొంత ఊరట, కొంత వెలితి. ఇంతకాలం ఎవరూ లేని గుమ్మానికి పోయేవాణ్ణి, ఇకమీదట మోగితే మీ గుమ్మానికే వస్తానన్నాడు.

అన్నమాట ప్రకారం వచ్చాడు. మల్లవ్వ టీకి నొక్కిందో, పడి నొక్కిందో దూరం నుంచి తెలిసే దారి లేదు గనుక ప్రతి మోతకూ వచ్చాడు. ఒకసారి సగం గడ్డం గీసుకుని, నురుగుతో వచ్చాడు. వచ్చిన మనిషిని ఊరికే పంపడం బాగుండదని మల్లవ్వ టీ ఇచ్చేది, అన్నం వేళైతే కంచం పెట్టేది. మామూలుకు ఒకసారి, ఆపదకు మూడుసార్లు నొక్కమని విజయ్‌కుమార్ ఒక పద్ధతి చెప్పాడు. పడినదాన్ని లెక్కబెట్టుకుంటూ ఉంటానా అని ఆమె కొట్టిపారేసింది. ఇక మొగిలికి ఇంకో పట్టింపు. ఆయన మన గంటకు వస్తున్నప్పుడు ఆయన గంటకు మనం పోకపోతే మర్యాద కాదని, పొద్దున్నే పిట్ట కూయగానే చెప్పులేసుకుని బాపురావు గుమ్మానికి పోయేవాడు. పాలవాడికి ఒకే తలుపు దగ్గర ఇద్దరు ముసలివాళ్లు, ఒకరు లోపలి నుంచీ ఒకరు బయటి నుంచీ ఎదురయ్యేవారు. గిన్నె ఎవరిదో తెలియక అతను కొన్నాళ్లు తికమకపడ్డాడు.

వానలు పడ్డాయి. జులైలో ఒకనాడు తెల్లవారినప్పటి నుంచీ ముసురు. పొద్దున్న పాలవాడు రాలేదు, వాననుకున్నారు. మధ్యాహ్నం మల్లవ్వ అన్నం వడ్డించి నొక్కింది. మొగిలి వచ్చాడు. బాపురావు రాలేదు. మళ్లీ నొక్కింది. రాజురా పోయాడేమోనని మొగిలి అన్నాడు. పోతే చెప్పి పోతాడని ఆమె అంది. ఇంకోసారి నొక్కి, గోడ వైపు చూసి, ఆమెకు కోపం వచ్చింది.

"నేను నిజంగ పడి ఉంటె? నా పాణం పోయినంక వస్తడా?" అంది.

కడిగేద్దామని చీర చెంగు తల మీద కప్పుకుని బయల్దేరింది. మొగిలి గొడుగు పట్టుకుని వెనకాల నడిచాడు. బాపురావు వీధితలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. మల్లవ్వ మెడలోని గుండీ నొక్కింది. లోపల పిట్ట కూసింది. కూత ఆగాక, వాన చప్పుడులో ఇంకో చప్పుడు వినిపించింది. ఇత్తడి పళ్లెం మీద చెంచాతో కొడుతున్నట్టు. ఆమె మళ్లీ నొక్కింది. పిట్ట కూసింది, పళ్లెం మోగింది. ఆమె కోపం అక్కడే దిగిపోయింది.

మొగిలి ఇంటికి పోయి గడ్డపార తెచ్చాడు. ఇద్దరూ వెనకవైపు వంటింటి తలుపు దగ్గరికి పోయారు. అది పాత తలుపు, చెదపట్టిన చట్రం, పైన పెంకులు. మొగిలి గడ్డపార పక్కన పెట్టి, చట్రాన్ని తట్టి చూసి, పెరట్లో ఒక దుంగ వెతికి తెచ్చి పెంకుల కింద వాసానికి ఆనించి నిలబెట్టడం మొదలుపెట్టాడు. లోపల మనిషి ఎట్లున్నాడో తెలియకపోతే ఇక్కడ దిమ్మెలు పెడుతున్నావేమిటని మల్లవ్వ కసిరింది.

"కప్పు మన మీద పడితె మనల్ని ఎవలు తీస్తరు? ఆ పిట్ట తీస్తదా?" అన్నాడు మొగిలి.

దుంగ గట్టిగా నిలిచాకే అతను గడ్డపార ముట్టుకున్నాడు. మడతబందుల దగ్గర రెండుసార్లు గట్టిగా పెకలించాడు. ఇద్దరూ కలిసి తలుపును ఎత్తి గోడకు ఆనించారు. కప్పు కదల్లేదు.

బాపురావు పొయ్యిగట్టు పక్కన నేల మీద ఉన్నాడు. ఒక కాలు అడ్డంగా తిరిగి ఉంది. ఖాళీ పాలగిన్నె దొర్లిపోయి ఉంది. పొద్దుటి నుంచీ అలాగే ఉన్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది. చేతికందిన పళ్లెం ఇంకా వదల్లేదు. గుమ్మంలో తడిసిన ఇద్దరినీ చూసి మొదట మల్లవ్వను కిందనించి పైదాకా చూశాడు.

"నువ్వు మంచిగున్నవా వహినీ? అన్ని సార్లు మోగింది. వస్తున్న, వస్తున్న అని పళ్లెం కొట్టిన" అన్నాడు.

పడిపోయారా సాబ్ అని మొగిలి మెల్లగా అడిగాడు. బాపురావు తన కాలి వంక చూసుకున్నాడు. దొర్లిన గిన్నె వంక చూశాడు.

"లేదు. చల్లగా ఉందని పడుకున్న" అన్నాడు.

బయట ముసురు. నేల ఐసులా ఉంది. మొగిలి గడ్డపార గోడకు ఆనించి, మోకాళ్లు పట్టుకుంటూ మెల్లగా అతని పక్కన తడినేల మీద కూర్చున్నాడు.

"అవ్ సాబ్. కింద మంచిగ చల్లగుంటది. నేను గూడ గట్లనే పండుకున్న ఎండాకాలం" అన్నాడు. నడుము మీద చెయ్యి వేసుకుని, "నాకు గూడ మస్తు నొచ్చింది" అన్నాడు.

మల్లవ్వ ఆ మాట విన్నది. విన్నట్టు కనిపించకుండా, ఆటో పిలవడానికి వీధిలోకి పోయింది.

ఆటోలో పడుకోబెట్టడానికి వీలు కాలేదు. చివరికి నలుగురు వచ్చి, ఊడదీసిన వంటింటి తలుపు మీదే బాపురావును పడుకోబెట్టి ఆస్పత్రిదాకా మోసుకుపోయారు. మొగిలి పక్కన నడుస్తూ గొడుగు పట్టాడు. తుంటి ఎముక విరిగిందన్నారు. పడిపోయిన సంగతి ఎలా తెలిసిందని డాక్టరు అడిగితే మొగిలి, అన్నానికి పిలిస్తే రాలేదని చెప్పాడు. పుణె నుంచి కూతురు వచ్చింది, ఆపరేషన్ అయింది. ఆ వానాకాలంలో మొగిలి బాత్రూములో పడుకోలేదు. చలి గనుక మానేశానన్నాడు. మల్లవ్వ అవునంది.

ప్రమోద్ కోడ్ మార్చిన పెట్టె పట్టుకుని వచ్చేసరికి ఇదంతా జరిగిపోయింది. సంగతి వింటున్నంతసేపూ, కేసు పెడతారేమోనని అతని ముఖం పాలిపోయింది. చివరిదాకా విన్నాక మెల్లగా రంగు వచ్చింది. ఇంతకీ మిషను వల్ల ఒక ప్రాణం నిలిచినట్టే కదా అన్నాడు. మిషను మోగింది మా కోసం, నిలిచింది వెనకింటాయన ప్రాణమని సుభాషిణి అంది. దాన్నే డబల్ మోడల్ అంటారని ప్రమోద్ చెప్పాడు. కోడ్ మార్చమంటారా అని అడిగితే మల్లవ్వ పుస్తెలతాడును గుప్పిట్లో పట్టుకుంది. మారిస్తే బాపురావుకు వినపడదు కదా అంది.

ప్రమోద్ ఆ మధ్యాహ్నం నుంచే పని మొదలుపెట్టాడు. రంగుల కాగితంలోని దొరసానిని పక్కన పెట్టి, ఇంటింటికీ పోయి బాపురావు కథ చెప్పాడు. ఒక ఇంట్లో పెడితే రెండిళ్లకు కాపలా అన్నాడు. దసరా నాటికి ఆ వీధిలోనూ వెనకవీధిలోనూ ముసలివాళ్లున్న ఇళ్లన్నిటిలోనూ తెల్లపెట్టెలు వెలిశాయి. అన్నీ ఒకటే సరుకు, ఒకటే కోడ్. ఎవరు ఎక్కడ నొక్కినా వీధి పొడుగునా పిట్టలు కూసేవి. ఎవరు నొక్కారో మాత్రం ఏ పెట్టె కూడా చెప్పదు. కాబట్టి పిట్ట కూయగానే ముసలివాళ్లందరూ చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చి, వరసగా ఒక్కో ఇల్లూ చూసుకుంటూ పోయేవారు. చూసి ఊరుకోవడం కుదరదు గనుక ఎక్కడో ఒకచోట టీ అయ్యేది. వాళ్లు కూర్చున్నచోట ఎవరో మరిచిపోయి గుండీ మీద చెయ్యి వేసేవారు. మళ్లీ అందరూ లేచేవారు. మోకాళ్లు అరిగిపోతున్నాయని డాక్టరు దగ్గరికి పోయిన మల్లవ్వతో, నడక బాగుపడింది, ఇలాగే సాగించమని ఆయన అన్నాడు.

డిసెంబరులో ఒక సాయంత్రం సుభాషిణి బ్యాంకు నుంచి పెందలాడే వచ్చింది. ఇంటికి తాళం. పక్కింటికీ తాళం. ఆ పక్కదానికీ తాళం. వెతుక్కుంటూ పోతే అందరూ బాపురావు ఇంటి ముందు ఎండలో ఉన్నారు. బాపురావు నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని గుమ్మం నుంచి గేటుదాకా నడవడం నేర్చుకుంటున్నాడు. మిగతావాళ్లు బెంచీల మీదా, మెట్ల మీదా కూర్చుని అతని నడకను సరిదిద్దుతున్నారు. కాలు ముందుకా స్టాండు ముందుకా అని మొగిలి, ఇంకో పెద్దమనిషి వాదించుకుంటున్నారు.

సుభాషిణి అత్త పక్కన మెట్టు మీద కూర్చుంది. చాలా రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగింది. ఇంట్లో ఒకరు పడితే ఇంకొకరు చూస్తారని కదా ఇదంతా పెట్టుకున్నాం, ఇప్పుడు ఇళ్లన్నీ తాళాలేసి అందరూ ఒక్కచోటే ఉంటే ఎవరికేమైనా అయితే ఎవరు చూస్తారంది.

మల్లవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలు అడిగినదాని గురించి నిజంగానే ఆలోచించింది.

"అందరం ఒక్కసారే పడుతమా ఏంది?" అంది.

అంతలో వీధిలో పిట్ట కూసింది. ఒక్క ఇంట్లోనే కాదు, అన్ని ఇళ్లలోనూ. మల్లవ్వ మెడ తడుముకుంది. మొగిలి జేబు చూసుకున్నాడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందరూ ఇక్కడే ఉంటే నొక్కింది ఎవరో ఎవరికీ అర్థం కాలేదు. చివరింటి ముసలామె కాళ్లు నొప్పులని ఇవాళ రాలేదని ఎవరో గుర్తు చేశారు. కాదు, ఆమె కూతురి దగ్గరికి బల్లార్షా పోయిందని ఇంకొకరు అన్నారు. తేలే లోపలే బెంచీలు ఖాళీ అయ్యాయి. మల్లవ్వ చిక్కుడుకాయల చేట కోడలి ఒళ్లో పెట్టి లేచింది. గేటుకు అందరికన్నా దగ్గరగా ఉన్నది బాపురావే గనుక, స్టాండు ఎత్తి వేసుకుంటూ అతనే ముందు వీధిలోకి దిగాడు. అతన్ని దాటిపోవడం బాగుండదని మిగతావాళ్లందరూ అతని వెనకాల, అతని అడుగుకు అడుగు, మొదటి ఇంటి వైపు నడిచారు.